రీస్టార్ట్ చేస్తే పలికే కీబోర్డు పొద్దున్నే ఎందుకు పలకదు?

ఈసారి ఉత్తరం చెన్నై తిరువాన్మియూర్ నుంచి వచ్చింది. పేరు వేయొద్దన్నారు. సొంతూరు నెల్లూరు దగ్గర పల్లె, పెళ్లయ్యాక చెన్నైకి వచ్చి పదకొండేళ్లయింది. ఇంట్లోనే ఓ చిన్న గదిలో కూర్చుని ఎనిమిది వ్యాపారాల లెక్కలు చూస్తారు, నెలనెలా జీఎస్‌టీ రిటర్నులు వేస్తారు. వాటిలో ఏడు సొంత కొట్లు, ఒకటి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. 2019లో తమ్ముడు చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్ల బజారైన రిచీ స్ట్రీట్‌లో ఒక్కో భాగం కొని కట్టించి ఇచ్చిన డెస్క్‌టాప్ మీదే పనంతా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని తెలిసి ఆ నెలాఖరులో విండోస్ 11కి మారారు. అదే వారంలో పోర్టులు చాలడం లేదని నాలుగు పోర్టుల యూఎస్‌బీ హబ్ కూడా కొన్నారు. బాధ అప్పుడే మొదలైంది.

పొద్దున ఆరున్నరకు ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగే స్క్రీన్ దాకా బాగానే వస్తుంది, అక్కడ కీబోర్డు పలకదు, మౌస్ కదలదు. మొదట్లో నమ్ లాక్ దీపం వెలుగుతుంది, విండోస్ బొమ్మ రాగానే ఆరిపోతుంది. వైరు తీసి పెడితే ఒక్కోరోజు వస్తుంది, ఒక్కోరోజు రాదు. క్యాబినెట్ మీది రీసెట్ బటన్ ఒకటి రెండు సార్లు నొక్కితే మాత్రం అన్నీ వచ్చేస్తాయి, ఇక రాత్రి దాకా ఏ గొడవా లేదు. ఈమధ్య ఇంకోటి తోడైంది: కొన్ని రోజులు నల్ల స్క్రీన్ మీద ఎఫ్1 నొక్కమని అడుగుతోంది, నొక్కడానికి కీబోర్డు పనిచేయదు. రెండుసార్లు తేదీ 2019 అని చూపించి, జీఎస్‌టీ సైట్ తెరవబోతే కనెక్షన్ సురక్షితం కాదని వచ్చింది, తేదీని చేత్తో సరిచేసుకున్నారు.

రిపేరు షాపులో ఇస్తే నాలుగు రోజులు పెట్టుకుని "ఇక్కడ బాగానే ఉంది మేడమ్" అన్నారు, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచి యంత్రాన్ని సిద్ధం చేసే ప్రోగ్రాములో, ఏదో మార్చి ఇచ్చారు. ఇంట్లో రెండు పొద్దులు బాగా నడిచి మూడో రోజు మళ్లీ మొదటికే వచ్చింది. రెండోసారి తీసుకెళితే మదర్‌బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది అన్నారు. మధ్యాహ్నం షిఫ్టుకెళ్లే భర్త పదింటికి లేచి చూసేసరికి అంతా మామూలుగా ఉంటుంది. "నీకు తప్ప ఎవరికీ ఈ సమస్య రాదు, అది పారేసి ఈఎంఐలో లాప్‌టాప్ తీసుకుందాం" అంటారట. అత్తయ్య గారు రాత్రి పడుకునే ముందు ఉరుములకు భయపడి, కరెంటు బిల్లు కోసమూ గోడ స్విచ్ ఆపేస్తారు. అలా ఆపడం వల్లే పాడైందని ఈమె ఒకరోజు అనేశారు, ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. చివరికి ఈమె అడిగింది: "మదర్‌బోర్డు మార్చాలా, లాప్‌టాప్ కొనాలా, లేక నిజంగా నేనే ఏదైనా తప్పు చేస్తున్నానా?"

అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీరు తప్పేమీ చేయడం లేదు. మీరు రాసిన వివరాలు చాలామంది మెకానిక్కులు కూడా రాసుకోరు. నమ్ లాక్ దీపం ఎప్పుడు ఆరిందో, తేదీ ఎంత చూపించిందో, షాపు నుంచి వచ్చాక ఎన్ని పొద్దులు నడిచిందో అన్నీ రాశారు. ఈ సమస్య ముడి విప్పడానికి కావలసినవన్నీ దాదాపు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. మీ ఆయన చూసింది కూడా అబద్ధం కాదు, ఆయన లేచే వేళకు మీరు దాన్ని రీసెట్ చేసి దారిలో పెట్టేసి ఉంటారు కాబట్టి ఆయనకు బాగుపడిన కంప్యూటరే కనబడుతోంది. షాపు వాళ్లకీ అంతే. ఇది పొద్దున, మీ ఇంట్లో, రాత్రంతా కరెంటు లేకుండా ఉన్నాక మాత్రమే బయటపడే సమస్య. పగలు, షాపు బల్ల మీద చూస్తే ఎవరికైనా బాగానే ఉంటుంది.

నాకు అర్థమైనంతవరకు మీ దగ్గర మూడు చిన్న విషయాలు ఒకదాని మీద ఒకటి పడి ఒక పెద్ద జబ్బులా కనబడుతున్నాయి. విడదీసి చూద్దాం.

మొదటిది విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి ఉందిది, చాలా కంప్యూటర్లలో దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. మనం షట్‌డౌన్ నొక్కితే కంప్యూటర్ పూర్తిగా ఆగిపోయిందనుకుంటాం, కానీ ఇది ఆన్‌లో ఉంటే విండోస్ మన ప్రోగ్రాములను మూసేసి, తన లోపలి భాగాన్నీ, పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములైన డ్రైవర్లనూ ఉన్నదున్నట్టుగా డిస్క్ మీద ఒక ఫైల్లో దాచుకుంటుంది. పొద్దున ఆన్ చేయగానే మొదటి నుంచి లేవకుండా ఆ ఫైలు చదివి నిన్న ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి లేస్తుంది. రాత్రి పడుకునే ముందు ఇంట్లో ఎవరు ఏ గదిలో ఉన్నారో కాగితం మీద రాసుకుని, పొద్దున ఏ గదిలోకీ తొంగి చూడకుండా ఆ కాగితం పట్టుకుని పిలిచినట్టన్నమాట. ఎవరూ కదలకపోతే ఇబ్బంది లేదు. కానీ గోడ స్విచ్ ఆపేసరికి మీ హబ్, కీబోర్డు, మౌస్ రాత్రంతా ప్రాణం లేకుండా ఉండి, పొద్దున కొత్తగా లేస్తాయి. విండోస్ ఏమో పాత కాగితం చూసి పిలుస్తుంది. ఎక్కువ కంప్యూటర్లలో ఇది సర్దుకుంటుంది, కొన్ని హబ్‌లతో కొన్ని డ్రైవర్లతో సర్దుకోదు. రీస్టార్ట్ చేసినప్పుడు ఈ దాచిన ఫైలు వాడదు, అన్ని పరికరాలనూ ఒక్కొక్కటిగా మళ్లీ వెతుక్కుంటుంది. అందుకే మీకు రీసెట్ నొక్కాక అన్నీ వచ్చేస్తున్నాయి. మదర్‌బోర్డు పోయి ఉంటే అది రీసెట్‌ను ఇంత మర్యాదగా వినడం అరుదు.

ఇది తేల్చుకోవడానికి ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు. రాత్రి షట్‌డౌన్ మీద క్లిక్ చేసేటప్పుడు కీబోర్డు మీద షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. అలా చేస్తే ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. మూడు రాత్రులు అలా చేయండి, అత్తయ్య గారు స్విచ్ ఆపుకుంటే ఆపుకోనివ్వండి. మూడు పొద్దులూ పాస్‌వర్డ్ స్క్రీన్ దగ్గర కీబోర్డు పలికితే దొరికిపోయినట్టే. అప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీ తెరిచి, పైన బూడిద రంగులో ఉన్న సెట్టింగులు మార్చడానికి ఇచ్చిన లింకు నొక్కి, కింద ఫాస్ట్ స్టార్టప్ పక్కనున్న టిక్ తీసేయండి. దీనివల్ల పోయేది కొంచెం సమయం. మీది తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్, ఎస్‌ఎస్‌డీ అయితే కొన్ని సెకన్లు, పాత హార్డ్ డిస్కయితే అంతకంటే బాగా ఎక్కువ, ఆన్ చేసి టీ పెట్టుకొచ్చేంత. మీరు విండోస్ 11లో ఉన్నారు కాబట్టి పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ టిక్ మళ్లీ పడిందేమో ఓసారి చూసుకోండి. పది నుంచి పదకొండుకు మారినప్పుడు మీకు జరిగింది అదే అయి ఉండొచ్చు.

రెండోది చాలా చిన్న వస్తువు, కానీ ఇంత గందరగోళానికి కారణం అదే అని నా గట్టి అనుమానం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత గుండ్రటి బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అంటారు, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేదీ, బయోస్ సెట్టింగులు పోకుండా చూసేదీ అదే. తేదీ 2019కి వెళ్లిపోవడం, ఎఫ్1 నొక్కమని అడగడం, ఈ రెండూ కలిస్తే ఆ బ్యాటరీ అయిపోయిందని దాదాపు చెప్పేయొచ్చు. జీఎస్‌టీ సైట్ కనెక్షన్ సురక్షితం కాదన్నది కూడా సైట్ తప్పు కాదు. ప్రతి సైటుకూ భద్రతా సర్టిఫికెట్ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని ఉంటుంది, మీ కంప్యూటర్ 2019లో ఉన్నాననుకుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు.

ఇక షాపు సంగతి. అక్కడ కంప్యూటర్‌ను పగలూ రాత్రీ ప్లగ్గులోనే ఉంచుతారు. ప్లగ్గులో ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆఫ్ చేసినా సరే, లోపల కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి కొద్దిపాటి కరెంటు బోర్డుకు వస్తూనే ఉంటుంది. ఆ బ్యాటరీ మీద భారం పడదు, బయోస్‌లో మార్చిన సెట్టింగు అలాగే నిలుస్తుంది. మీ ఇంటికి వచ్చాక రాత్రి గోడ స్విచ్ ఆగుతుంది, భారమంతా చావుబతుకుల్లో ఉన్న బ్యాటరీ మీద పడుతుంది, రెండు రాత్రులు ఎలాగో లాగి మూడో రాత్రి చేతులెత్తేస్తుంది, సెట్టింగులు మళ్లీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుగా మారిపోతాయి. మీరు రాసిన రెండు పొద్దుల లెక్కకు ఇంతకంటే సరిపోయే కారణం నాకు దొరకలేదు. షాపు వాళ్లు మోసం చేశారని అనను, వాళ్లకు బాగున్నట్టే కనబడింది. కానీ తేదీ మారిపోతోందని చెప్పినా బ్యాటరీ చూడకుండా తొమ్మిది వేల మాట చెప్పడం మాత్రం తొందరపాటే.

అత్తయ్య గారి విషయం కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆవిడ స్విచ్ ఆపడం వల్ల కంప్యూటర్ పాడవలేదు. రోజూ ఆపితే ఆ బ్యాటరీ కాస్త తొందరగా అయిపోతుంది, అంతే. ఆరేడేళ్ల బ్యాటరీ ఎలాగూ అయిపోవలసిందే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నైలో ఉరుముల వానలు ఎలా ఉంటాయో మీకు తెలుసు, ఆ కాలంలో ప్లగ్గు తీసేయడం మంచి అలవాటే. కొత్త బ్యాటరీ వేశాక ఆవిడ అలవాటు ఆవిడది, మీ కంప్యూటర్ మీది, రెండూ ఒక ఇంట్లో ఉండొచ్చు. ఆ రోజు అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఇది మంచి సందర్భం అనుకుంటున్నాను. "స్విచ్ వల్ల కాదు అత్తయ్యా, లోపల బ్యాటరీ అయిపోయిందట" అని ఒక్క మాట చెప్పండి చాలు. ఆవిడకు ఎవరూ చెప్పకుండా నింద మాత్రం మిగిలిపోకూడదు.

బ్యాటరీ వంద రూపాయల లోపే, వాచీ షాపులో కూడా దొరుకుతుంది. మీరే మార్చుకోవచ్చు, కానీ మార్చే ముందు రెండు పనులు తప్పకుండా చేయండి. ఒకటి, మీ కంప్యూటర్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. ఉంటే దాని రికవరీ కీ 48 అంకెలుంటుంది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే సాధారణంగా అక్కడే దాచి ఉంటుంది, దాన్ని కాగితం మీద రాసుకోండి. బయోస్ సెట్టింగులు మారాక కొన్నిసార్లు విండోస్ ఆ కీ అడుగుతుంది, లేకపోతే మీ ఎనిమిది మంది లెక్కలూ లోపలే ఉండిపోతాయి. రెండు, లెక్కల డేటా మొత్తం బయట డిస్క్‌లోకి ఒక కాపీ తీసుకోండి. ఆ తర్వాత షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క మూత తీసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని, బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్పును గోటితో పక్కకు నెడితే అది పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బయోస్‌లోకి వెళ్లి తేదీ, సమయం సరిచేసి సేవ్ చేయాలి. అక్కడ మిగతావి కదపొద్దు. ముఖ్యంగా లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ అనేది ఆఫ్ చేయొద్దు, అది ఆపితే విండోస్ రాకముందు యూఎస్‌బీ కీబోర్డు పనిచేయకుండా పోవచ్చు, మళ్లీ బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఆన్ చేయడానికి కూడా కీబోర్డు ఉండదు. బయోస్‌లో ఫాస్ట్ బూట్ అని ఒకటి ఉంటుంది, విండోస్ ఫాస్ట్ స్టార్టప్ వేరు, ఇది వేరు. ఇది ఆన్ ఉంటే బోర్డు తొందరలో యూఎస్‌బీ పరికరాలను సరిగా చూడకుండా దాటిపోతుంది. దీన్ని మాత్రం ఆపొచ్చు. షాపులో మార్చింది కూడా ఇదే అయి ఉంటుందనుకుంటాను.

బయోస్‌లోకి వెళ్లడానికే కీబోర్డు పనిచేయకపోతే ఎలా అని మీరు అడుగుతారు, సరైన ప్రశ్నే. దానికి మూడో విషయంలోకి రావాలి, అదే మీ హబ్.

కీబోర్డు, వైర్‌లెస్ మౌస్‌కు పెట్టే చిన్న డాంగిల్, రిటర్నుల మీద డిజిటల్ సంతకం చేసే పెన్ డ్రైవ్ లాంటి టోకెన్, బ్యాకప్ హార్డ్ డిస్క్, నాలుగూ ఒకే హబ్‌కు పెట్టి ఆ హబ్‌ను క్యాబినెట్ ముందు పోర్టుకు పెట్టానని రాశారు. దానికి వేరే అడాప్టర్ లేదు కదా, అయితే కరెంటు లెక్క చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీ ఆంప్స్, 3.0 అయితే 900. సొంత అడాప్టర్ లేని 2.0 హబ్ తనకు వంద ఉంచుకుని, నాలుగు పోర్టులకూ తలా వంద పంచుతుందని నియమం. కీబోర్డుకు వంద చాలు. కానీ తిరిగే హార్డ్ డిస్క్ మోటారు మొదలయ్యే క్షణంలో ఆ ఒక్కటే అంత మొత్తాన్నీ లాగేయగలదు. ఆ క్షణం ఎప్పుడొస్తుంది, మీరు ఆన్ చేసిన వెంటనే వస్తుంది. అంటే బోర్డు కీబోర్డు కోసం వెతికే సమయంలోనే హబ్‌కు ఊపిరి ఆడదు. పైగా కొన్ని బయోస్‌లు హబ్ వెనకున్న కీబోర్డును సరిగా గుర్తించవు. ఎఫ్1 స్క్రీన్ దగ్గర కీబోర్డు పలకకపోవడానికి ఇదే కారణమని అనుకుంటున్నాను. నమ్ లాక్ దీపం వెలిగినంత మాత్రాన కీబోర్డు సరిగా పనిచేస్తోందని అనుకోవద్దు. ఆ బటన్ నొక్కితే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటేనే అవతల ఎవరో వింటున్నట్టు.

అందుకని ఈరోజే కీబోర్డునూ మౌస్ డాంగిల్‌నూ హబ్ నుంచి తీసి క్యాబినెట్ వెనకవైపు పోర్టులకు పెట్టండి. వెనక పోర్టులు నేరుగా బోర్డుకే అతికించి ఉంటాయి, ముందువి లోపల ఒక వైరు గుండా వెళ్తాయి, ఆ వైరు వదులైనా ఇబ్బందే. నీలం రంగువి 3.0, నల్లవి 2.0. కీబోర్డుకు నల్లది చాలు. వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌ను నీలం పోర్టుకు, ముఖ్యంగా హార్డ్ డిస్క్ పెట్టిన నీలం పోర్టు పక్కన, పెట్టొద్దు. యూఎస్‌బీ 3.0 నడిచేటప్పుడు వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పడుతుంది, ఆ మౌస్ మాట్లాడేదీ అక్కడే. టోకెన్, హార్డ్ డిస్క్, పెన్ డ్రైవ్‌లు రాత్రి తీసేయండి, విండోస్ పూర్తిగా వచ్చాక పెట్టుకోండి. కొన్ని టోకెన్లు కంప్యూటర్‌కు సీడీ డ్రైవ్‌లా కనబడతాయి, బోర్డు వాటి నుంచి బూట్ అవ్వాలేమో అని చూసుకుంటూ ఆగిపోయే అవకాశం ఉంది. సంతకం టోకెన్‌తో రిటర్ను వేసేటప్పుడు తప్ప మీకు పని లేదు కదా.

మీరున్నది సముద్రానికి దగ్గర. ఆ ఉప్పు గాలికి పోర్టుల లోపలి రాగి రేకులు పచ్చబడటం మామూలే. టార్చి వేసి చూడండి. పచ్చగానో నల్లగానో కనబడితే, ప్లగ్గు తీసేసి, మెత్తటి బ్రష్‌కు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా తడిపి తుడవండి, పూర్తిగా ఆరాక ఆన్ చేయండి. నోటితో ఊదొద్దు, తడి లోపలికి పోతుంది.

ఇంకో చిన్న ఏర్పాటు చెబుతాను, కొన్ని వందల్లో అయిపోతుంది. మీ క్యాబినెట్ వెనక ఊదా, ఆకుపచ్చ రంగుల్లో గుండ్రటి పోర్టు ఉందని రాశారు. అది పీఎస్ 2 పోర్టు, యూఎస్‌బీతో సంబంధం లేకుండా నేరుగా పనిచేస్తుంది. రిచీ స్ట్రీట్‌లో అలాంటి పాత రకం కీబోర్డు ఒకటి అడిగి తెచ్చుకోండి. యూఎస్‌బీ కీబోర్డుకు తగిలించే చిన్న గుండ్రటి అడాప్టర్ అమ్మబోతే వద్దనండి, అది అన్ని కీబోర్డులకూ పనిచేయదు. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నప్పుడే దాన్ని పెట్టాలి, తీయాలి. బీరువా మీద పడి ఉన్నా ఫర్వాలేదు, రిటర్ను గడువు రోజున యూఎస్‌బీ మొండికేస్తే ఇదే మీ చేయి అవుతుంది. మౌస్ ఒక్కటే పనిచేస్తున్న రోజు అయితే పాస్‌వర్డ్ స్క్రీన్ కింద కుడి మూల యాక్సెసిబిలిటీ బొమ్మ నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది, దానితో లోపలికి వెళ్లొచ్చు.

విండోస్ మళ్లీ వేయించమని కూడా ఎవరైనా చెబుతారు. ఇప్పుడే వద్దు. ఒకవేళ విండోస్‌ను బాగుచేసే రికవరీ స్క్రీన్‌లోకి వెళ్లాల్సి వస్తే ముందు అప్‌డేట్లు పూర్తిగా వేసుకోండి. 2025 అక్టోబర్ 14న వచ్చిన కేబీ5066835 అప్‌డేట్ తర్వాత విండోస్ 11లో రికవరీ స్క్రీన్‌లో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయకుండా పోయాయి, దానికి మైక్రోసాఫ్ట్ అక్టోబర్ 20న కేబీ5070773 పేరుతో దిద్దుబాటు ఇచ్చింది. మీరు విండోస్ 11కి మారింది సరిగ్గా ఆ రోజుల్లోనే. అలాగే డివైస్ మేనేజర్‌లో కనబడే యూఎస్‌బీ రూట్ హబ్‌లను అన్‌ఇన్‌స్టాల్ చేయమని వీడియోల్లో చెబుతారు. చేసిన మరుక్షణం కీబోర్డు, మౌస్ రెండూ పోతాయి, రీస్టార్ట్ అయితే తిరిగి వస్తాయి గానీ ఆ కాసేపట్లో మీ గుండె ఆగినంత పనవుతుంది. కావాలంటే ఆ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే టిక్ మాత్రం తీసేయండి, దానివల్ల నష్టం లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, మదర్‌బోర్డా, లాప్‌టాపా, ఏదీ వద్దా.

బోర్డు మారిస్తే తొమ్మిది వేలు పోవడం ఒక్కటే కాదు, విండోస్ యాక్టివేషన్, ప్రోగ్రాముల లైసెన్సులు మళ్లీ చూసుకోవాలి, ఆరేడేళ్ల ప్రాసెసర్‌కు సరిపోయే బోర్డు కొత్తది దొరకడం కష్టం, వాడినదే వేస్తారు. ఇన్నీ చేశాక అదే హబ్ ముందు పోర్టుకు పెడితే అదే పొద్దు మళ్లీ వస్తుంది. ఒక పాత సంగతి గుర్తొస్తోంది. 2015 తర్వాతి ఇంటెల్ బోర్డుల్లో విండోస్ 7 వేయబోతే ఇన్‌స్టాల్ స్క్రీన్ దగ్గర కీబోర్డు, మౌస్ రెండూ కట్టెల్లా ఉండేవి. బోర్డుల్లో ఏ లోపమూ లేదు, కొత్త యూఎస్‌బీ కంట్రోలర్‌కు కావలసిన డ్రైవర్ విండోస్ 7లో లేదంతే. ఆ రోజుల్లో బాగున్న బోర్డులు ఎన్నో పోయినవాటి లెక్కలో పడి ఉంటాయి. కాబట్టి కొత్త బ్యాటరీ వేసి, హబ్ తీసేసి, వెనక పోర్టుకు వేరే కీబోర్డు పెట్టి చూశాక కూడా బయోస్ స్క్రీన్‌లోనే అది పలకకపోతే, అప్పుడు బోర్డును అనుమానించండి. అప్పుడు కూడా ముందు వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడమని అడగండి.

లాప్‌టాప్ విషయానికొస్తే, మీ ఆయన సలహా చెడ్డదేం కాదు, కరెంటు పోయినా పని ఆగదు, దాని కీబోర్డు లోపలే ఉంటుంది. కానీ ఈ నెలలో వద్దు. కొత్త యంత్రం మీద సంతకం టోకెన్ డ్రైవర్లు, టోకెన్‌తో సంతకం చేయడానికి జీఎస్‌టీ సైటుకు కావలసిన ఎమ్‌సైనర్ ప్రోగ్రాము, పాత లెక్కలు, ప్రింటర్ అన్నీ కుదిరేసరికి వారం పడుతుంది, ఆ వారం గడువు మీద పడితే మీకే నష్టం. కొనాలనుకుంటే రిటర్నులు అయిపోయిన 21వ తేదీ తర్వాత కొనండి, పాతది బాగు చేసుకుని రెండూ ఒక నెల పక్కపక్కన నడపండి. ఈఎంఐ కట్టేది మీ సంపాదనలోంచే అయితే ఎప్పుడు కొనాలో తేల్చేది కూడా మీరే.

మెకానిక్‌ను పిలవాలనుకుంటే షాపుకు మోసుకెళ్లకండి, పొద్దున ఏడింటికి ఇంటికి రమ్మనండి. కాస్త ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి. సమస్య కళ్ల ముందు కనబడితే అరగంటలో తేలుతుంది. మీ ఆయనను కూడా ఒక్క పొద్దు ఆరున్నరకు లేపి మీ పక్కన కూర్చోబెట్టుకోండి. వాదించడానికి కాదు, ఆ స్క్రీన్ ఆయన ఒకసారి చూడాలి. చూడకుండా అన్న మాట అది, చూశాక ఆయనే వెనకవైపు పోర్టులు వెతుకుతారని నా నమ్మకం. "నీకు తప్ప ఎవరికీ రాదు" అన్న మాట మిమ్మల్ని ఎంత నొప్పించిందో ఉత్తరంలో తెలుస్తోంది, ఆ సంగతి కంప్యూటర్ బాగయ్యే దాకా ఆపకుండా విడిగా, నెమ్మదిగా ఆయనకు చెప్పండి.

ఒకేరోజు అన్నీ మార్చేయకండి, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. ఈరోజు హబ్ తీసి కీబోర్డు వెనక పెట్టండి, రేపు పొద్దున ఏమైందో రాసుకోండి. రేపటి నుంచి మూడు రాత్రులు షిఫ్ట్‌తో షట్‌డౌన్. ఆ తర్వాత బ్యాటరీ. అయితే ఎఫ్1 అని మళ్లీ వస్తే మాత్రం వరుస మార్చి బ్యాటరీ ముందు వేయండి. ఈ నెల అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 11వ తేదీకి, పన్ను కట్టే జీఎస్‌టీఆర్-3బీ 20వ తేదీకి అని ఆగకుండా రెండు మూడు రోజులు ముందే వేసేయండి. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, లావాదేవీలు లేని రిటర్ను అయితే 20, డబ్బు కంటే కూడా ఆ వ్యాపారుల ఫోన్లు మిమ్మల్ని ఎక్కువ బాధపెడతాయి. ఏడు సొంత కొట్లకు ఓటీపీతో సంతకం సరిపోతుంది కాబట్టి వాటికి ఈ టోకెన్ గొడవే లేదు, అవసరమైతే వేరే ఎవరి కంప్యూటర్ మీదైనా వేయొచ్చు. కంపెనీది ఒక్కటే టోకెన్‌తో వేయాలి, దాన్ని అన్నిటికంటే ముందు పెట్టుకోండి.

నాలుగో పొద్దుకు కూడా పలకకపోతే, బయోస్ స్క్రీన్‌లో నమ్ లాక్ నొక్కినప్పుడు దీపం మారుతోందా లేదా అన్నది చూసి, ఆ ఒక్క ముక్క రాసి పంపండి.